రెండు మానికల పద్దు

"లాభం" అంటూ మా కార్యకర్త మొదటి మానిక జొన్నలు గోనె సంచిలో పోసింది. గింజలు కొలిచేటప్పుడు మా వైపు ఒకటి అనరు. లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అని సాగుతారు. చుట్టూ కూర్చున్న నలభై మంది ఆడవాళ్ళు ఆమెతో పాటు గొంతు కలిపి లెక్కపెడుతున్నారు. ప్రతి మానిక మీదా ఆమె చెక్క స్కేలు పెట్టి అడ్డంగా గీస్తోంది. అంచుకు పైన ఒక్క గింజ మిగలకుండా చూసుకుని అప్పుడు సంచిలో పోస్తోంది.

వీపనగండ్ల మండలంలోని ఒక ఊరు అది. మమ్మల్ని వాడుకోమని పంచాయతీ వాళ్ళు ఇచ్చిన పాత బడి గది. లోపల వెదురుతో అల్లి పేడతో అలికిన రెండు పెద్ద గుమ్ములు, వాటి నిండా ఊరి ఆడవాళ్ళ జొన్నలు. గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, మాకు నిధులిచ్చే సంస్థ తరఫున హైదరాబాదు నుంచి వచ్చిన అధికారి కూర్చున్నాడు. ఆయన పక్కన నేను రెండు కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. మొదటి కాగితం ప్రకారం గుమ్ముల్లో ఆరు వందల డెబ్బై ఐదు మానికలు ఉండాలి. రెండో కాగితం ప్రకారం ఆరు వందల ఎనిమిది ఉంటే చాలు. రెండూ నేను తయారు చేసినవే. మొదటిది నిజమైతే ఆ ఊళ్ళో గింజలు కొలిచే పెద్దమ్మ దొంగ. రెండోది నిజమైతే కాదు.

పెద్దమ్మ లెక్క పెట్టడం లేదు. గోడకు వీపు ఆనించి, కొంగు మోకాళ్ళ మీదికి లాక్కుని, కొలిచేవాళ్ళను కాకుండా నన్ను చూస్తోంది. అది శుక్రవారం. తెల్లవారితే పెబ్బేరు సంత. తక్కువ పడిన గింజలను తన చేతి నుంచి కట్టడానికి ఆమె ఇంటి ముందున్న ఒకే ఒక్క పాడిబర్రెను అమ్ముతానని బేరగాడికి అప్పటికే మాట ఇచ్చింది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఇప్పుడు స్వచ్ఛంద సంస్థల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని లెక్కలు రాస్తున్న పిల్లల కోసమే ఇది రాస్తున్నాను కనుక, నా తప్పును దాచకుండా రాస్తాను.

నేను పద్దెనిమిదేళ్ళు ఒక దినపత్రికకు వనపర్తి నుంచి వార్తలు రాశాను. నెల జీతం ఉండేది కాదు. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి డబ్బులిచ్చేవారు. ఆ కొలత ఎప్పుడూ నేను కొలుచుకున్న దానికంటే తక్కువే వచ్చేది. పిల్లల చదువులు పెరిగాక, ఎప్పుడో చదివిన బీకాం గుర్తు చేసుకుని, ఊళ్ళోనే ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. లెక్కలు రాయాలి, నివేదికలు రాయాలి, ఉత్తరాలు రాయాలి. అప్పటికి ఈ ప్రాంతం జిల్లాలుగా విడిపోలేదు. గద్వాల వైపు నుంచి లింగాల దాకా పదకొండు ఊళ్ళలో మా పని సాగేది.

ఆ పనుల్లో నాకు బాగా నచ్చింది గింజల నిధి. మెట్ట పొలాల మీద బతికే ఇళ్ళలో ఆషాఢ, శ్రావణాలు వచ్చేసరికి పాత గింజలు అయిపోతాయి. కొత్త పంట ఇంకా చేతికి రాదు. అంతకుముందు ఆ రెండు నెలలు ఆడవాళ్ళు షావుకారు ఇంటికి పోయేవారు. రెండు మానికలు తెచ్చుకుంటే కల్లం దగ్గర మూడు మానికలు ఇయ్యాలి. మేము ఊరికి నాలుగు వందల ఎనభై మానికల జొన్నలు మొదటి పెట్టుబడిగా పోశాం. మానిక అంటే మా వైపు సుమారు రెండున్నర కిలోల జొన్నలు పట్టే గుండ్రటి ఇనుప కొలత. సంఘంలోని ఆడవాళ్ళు నాలుగు మానికలు తీసుకుంటే పంట వచ్చాక ఐదు తిరిగి పోయాలి. పెరిగిన గింజలు సంఘానివే. ప్రతి ఊళ్ళో కొలిచే పని ఒకరికి అప్పజెప్పాం. ఈ ఊళ్ళో అది పెద్దమ్మది. చదువు రాదు. తీసుకున్నవాళ్ళ బొమ్మలు గోడ మీద గీసుకుని, ప్రతి బొమ్మ కింద మానికకు ఒక బొగ్గు గీత పెట్టేది. చెవికి పెద్ద దిద్దులున్నది ఒకరు, చంకలో పిల్ల ఉన్నది ఒకరు. ఆ గోడ నేను చూసిన ఏ రిజిస్టరు కంటే బాగుండేది.

తిప్పలన్నీ నా దగ్గరే వచ్చాయి. నిధులిచ్చే సంస్థకు లెక్క రూపాయల్లో కావాలి. జొన్నలు ఇచ్చేటప్పుడు ధర ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు ధర ఇంకొకటి. ఏడాది చివర పుస్తకంలో లాభం కనబడితే అది ధర పెరిగినందుకు వచ్చిందా, గింజలు పెరిగినందుకు వచ్చిందా అన్నది రాసిన నాకే తెలిసేది కాదు. పైగా అదంతా చేతి రాత. పట్నంలో లెక్కలవాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ కొందామంటే దాని ఖరీదు మా కార్యకర్త రెండు నెలల జీతానికి పైనే. ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే ఆయన మాత్రం ఉదారంగా, "దానికి పైసలెందుకు సార్, కాపీ ఏసిస్త, ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

ఆ మాట మా కార్యదర్శికి చెప్పాను. ఆయన బడిపంతులుగా పనిచేసి వచ్చిన మనిషి. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "లెక్కలు రాసేదే దొంగ సరుకు మీదనా? ఇంగ లెక్కలు ఎట్లుంటయ్ చెప్పు" అన్నాడు. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు వనపర్తి బస్టాండులో ఒక కంప్యూటర్ పత్రిక కొన్నాను. దానితో ఒక సీడీ ఊరికే ఇచ్చారు. అందులో ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్లు పాతిక దాకా ఉన్నాయి. వాటిలో ఒకటి లెక్కలు రాసుకునేది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎన్ని కాపీలైనా వేసుకోవచ్చు, ఎవరికీ రూపాయి ఇయ్యక్కరలేదు అని స్పష్టంగా రాసి ఉంది. నమ్మబుద్ధి కాలేదు. పత్రికలో పనిచేసినవాడికి ఊరికే వచ్చేది ఏదైనా అనుమానమే. కార్యదర్శి ఆ షరతులను రెండుసార్లు చదివించుకుని, "దొంగతనం కాదు గద?" అని మూడోసారి అడిగి, కానియ్యమన్నాడు. ఎవరో దానం చేసిన పాత కంప్యూటర్‌లో దాన్ని ఎక్కించడానికి కరెంటు పుణ్యాన నాకు మూడు రోజులు పట్టింది.

నెల రోజుల్లో జీతాలు, బస్సు ఖర్చులు, మీటింగుల టీ ఖర్చులు అన్నీ అందులోకి వచ్చేశాయి. ఒక మధ్యాహ్నం మెనూలు వెతుకుతుంటే ఒక సదుపాయం కనబడింది. కంపెనీల షేర్లు కొనేవాళ్ళు, తమ దగ్గర ఏ కంపెనీవి ఎన్ని షేర్లున్నాయో రాసుకునే చోటు అది. సంఖ్య వేరుగా, ధర వేరుగా ఉంటుంది. ధర ఎంత మారినా సంఖ్య మారదు. నాకు కావలసింది అదే కదా! కంపెనీ పేరు రాయమన్న చోట జొన్నలు అని రాశాను. షేర్లు అన్న చోట మానికలు అనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ కాదనలేదు. మా పదకొండు ఊళ్ళ జొన్నలు పెద్ద పెద్ద కంపెనీల వాటాల మాదిరిగా వరుసగా నిలబడ్డాయి. ఆ రోజు నేను ఇంటికి నడుచుకుంటూ పోలేదు, తేలుకుంటూ పోయాను.

రెండేళ్ళ గీతల లెక్క అంతా మానికల్లో ఎక్కించాను. పెద్దమ్మ ఊళ్ళో మొదటి ఏడు మూడు వందల అరవై మానికలు ఇచ్చారు, నాలుగు వందల యాభై తిరిగి వచ్చాయి. రెండో ఏడు నాలుగు వందల ఇరవై ఇచ్చారు, ఐదు వందల ఇరవై ఐదు తిరిగి వచ్చాయి. ఎగవేత ఒక్కటీ లేదు. ఆ లెక్కన గుమ్ముల్లో ఆరు వందల డెబ్బై ఐదు ఉండాలి. సరిచూసి రమ్మని కార్యకర్తను పంపాను. కొలిస్తే ఆరు వందల ఎనిమిదే వచ్చాయి. అరవై ఏడు తక్కువ. అంటే దాదాపు నూట డెబ్బై కిలోలు.

రూపాయల లెక్కలో రెండేళ్ళు కనబడకుండా దాక్కున్నదాన్ని పట్టుకున్నానని నాకు గర్వం పట్టలేదు. మొదటి పేజీ వార్త దొరికిన విలేకరిలాగా ఆ సాయంత్రమే నిధులిచ్చే సంస్థకు ఉత్తరం రాశాను. కొత్త పద్ధతి వల్ల ఫలానా ఊళ్ళో అరవై ఏడు మానికల తరుగు బయటపడిందనీ, కొలిచే బాధ్యత ఫలానా ఆమెదనీ రాశాను. ఆమె తిన్నదని నేను రాయలేదు. రాయాల్సిన అవసరం లేకుండా రాశాను. ఆ విద్య పత్రికలో బాగా వంటబట్టిందే.

అక్కడి నుంచి పది రోజుల్లో జవాబు వచ్చింది. ఆ ఊరి నిధిని ఆపేయాలి, తరుగు బాధ్యుల నుంచి రాబట్టాలి, ఆషాఢంలోగా తేల్చాలి. కార్యదర్శి ముఖం పడిపోయింది. పెద్దమ్మ దగ్గరున్న తాళంచెవి తీసుకుని సంఘంలో మిగతావాళ్ళకు అప్పగించమని చెప్పించాడు.

వారం తిరగకముందే మా కార్యకర్త ఆఫీసుకు వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, అమరచింత పిల్ల, ఊరూరూ తిరిగి తిరిగి గొంతు పెద్దదైపోయింది. నా బల్ల ముందు నిలబడి అడిగింది.

"సార్, పెద్దమ్మ బర్రెను అమ్ముతదంట, ఎర్కేనా?"

"ఎందుకు?"

"ఎందుకేంది సార్? మీరు రాసిన కాయితానికే. గా గింజలు కట్టాలె గద. నేను తిన్నట్టే అయింది, ఇంగ కడితె పీడ పోతదంటున్నది."

"లెక్క అట్లా వచ్చిందమ్మా. నేనేం చేయను?"

"లెక్క సరే. ఆమెను అడిగిండ్రా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"పేపర్ల ఉన్నప్పుడు గూడ గిట్లనే రాస్తుంటిరా సార్, అవతలోళ్ళను అడగకుంట?"

పద్దెనిమిదేళ్ళలో మా డెస్కు నుంచి ఎన్నో తిట్లు తిన్నాను. ఏ తిట్టూ ఆ ప్రశ్న తగిలినంత చోట తగల్లేదు. మా పత్రికలో మొదటి రోజు చెప్పిన మొదటి సంగతి అదే. ఎవరి మీద రాస్తున్నావో వాళ్ళను అడగకుండా రాయకు. సర్పంచ్‌ల మీద, కాంట్రాక్టర్ల మీద రాసినప్పుడు నేను ఆ నియమం తప్పలేదు. వాళ్ళు ఊరుకోరు కనుక. చదువు రాని ముసలామె విషయంలో నాకు అది గుర్తే రాలేదు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి వీపనగండ్లలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి పోయాను. పెద్దమ్మ ఇంటి ముందు చాటలో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"రా సారు, కూసో. దొంగోళ్ళ ఇంటికి వచ్చినవ్. చాయ్ తాగుతవా, భయమైతదా?"

"తాగుతా పెద్దమ్మా."

"జర పైలం మరి. చక్కెర తక్కువైతె గది గూడ రాసుకుంటవేమో."

చాయ్ తాగుతూ అడగాల్సిందంతా అడిగాను. ఎలుకలా? కొంచెం. పురుగు పట్టిందా? వేపాకు వేసింది, పట్టలేదు. ఎవరికైనా గీత పెట్టకుండా ఇచ్చావా? ఆమె చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. "గీత పెట్టకుంట గింజ కదిలించలే సారు. నా బిడ్డకు ఇచ్చినప్పుడు గూడ గీత పెట్టిన."

అడిగే ప్రశ్నలు అయిపోయాయి. జవాబు మాత్రం దొరకలేదు. ఆటో కోసం ఎదురుచూస్తూ అరుగు మీదే కూర్చున్నాను. అప్పుడు పక్కింటామె గిన్నె పట్టుకుని వచ్చి రెండు మానికల జొన్నలు బదులడిగింది. పెద్దమ్మ లోపలికి పోయి తన ఇంటి మానిక తెచ్చింది. నింపింది. నిండాక ఆపలేదు. రెండు చేతులతో గింజలు పోస్తూ పోయింది. అంచు మీద జొన్నలు గుడి శిఖరంలా నిలబడి, ఇంక నిలవలేక నాలుగు వైపులా జారేదాకా పోసింది. అప్పుడు ఎత్తి గిన్నెలో ఒంపింది. రెండోది కూడా అంతే.

నేను అరుగు మీద నుంచి లేచాను.

"పెద్దమ్మా, సంఘం గింజలు కూడా ఇట్లానే ఇచ్చావా?"

"ఎట్ల?"

"ఇట్లా శిఖ పెట్టి."

"మరెట్ల ఇస్తరు? పొయ్యి మీదికి పోయే గింజలు సారు. తల కొట్టి ఇస్తె ఆ ఇంట్ల నిలుస్తయా? పిల్లలు తినేటియి."

"మరి తిరిగి తీసుకునేటప్పుడు?"

"అప్పుడు తల కొట్టే తీసుకుంట." అరచెయ్యి అంచు మీద పెట్టి అడ్డంగా లాగి చూపించింది. "షావుకారు శిఖ పెట్టి తీసుకుంటడనే గద మనం సంఘం పెట్టుకున్నది? నేను గూడ గట్లనే తీసుకుంటె వానికి నాకు ఫరక్ ఏముంది?"

"ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడడిగినవ్? పేపరోళ్ళు అందర్నీ అడుగుతరంట. నన్నొక్కదాన్నే అడగరాలే నీకు."

ఆటో వచ్చి హారన్ కొట్టి పోయింది. మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాం. మానికకు శిఖ పెట్టడం, ఆ శిఖను మాత్రం చేత్తో గీసి పక్క మానికలో పోయడం. లాభం, రెండు, మూడు. సరిగ్గా పన్నెండో శిఖకు పక్క మానిక అంచు దాకా నిండింది. మళ్ళీ చేశాం. మళ్ళీ పన్నెండే. నేను కాగితం తీశాను. మొదటి ఏడు ఇచ్చినవి మూడు వందల అరవై, అంటే పన్నెండుకు ఒకటి చొప్పున ముప్పై మానికలు శిఖల్లో పోయాయి. రెండో ఏడు నాలుగు వందల ఇరవైకి ముప్పై ఐదు. మొత్తం అరవై ఐదు. తక్కువ పడింది అరవై ఏడు. మిగిలిన రెండూ ఎలుకలవి.

"ఏమొచ్చింది సారు?" అని అడిగింది పెద్దమ్మ.

"నువ్వు తినలేదని వచ్చింది."

"గది నాకు ముందే తెలుసు. నీకొచ్చిందా అని అడుగుతున్న."

ఆఫీసుకు తిరిగి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాగితం మీద ఇది మామూలు తీసివేత. పుస్తకంలో పెట్టడమే అసలు పని. పైనుంచి అరవై ఐదు మానికలు తరుగు అని ఒకే పద్దు రాస్తే, మళ్ళీ ఏడు మళ్ళీ తరుగే, మళ్ళీ దొంగే. అప్పుడు ఆ షేర్ల సదుపాయంలో ఇంకో కంపెనీ తెరిచాను. ఇప్పుడు నా దగ్గర రెండు ఉన్నాయి. శిఖ మానిక, తల కొట్టి కొలిచే కొట్టు మానిక. వేరు వేరు దేశాల డబ్బుకు మారకం రేటు పెట్టినట్టు రెంటికీ రేటు పెట్టాను. పన్నెండు శిఖ మానికలు పదమూడు కొట్టు మానికలకు సమానం. ఇచ్చినవన్నీ శిఖ మానికల్లో, వచ్చినవన్నీ కొట్టు మానికల్లో మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాను. చివర మొత్తం ఆరు వందల పది అని చూపించింది, ఎలుకల కింద రెండు రాస్తే ఆరు వందల ఎనిమిది. పద్దులన్నీ ఒకదానికొకటి ఎదురుబొదురు నిలబడ్డాయి. డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు ఇంత చెప్పినమాట వినేదో కాదో నాకు తెలియదు. ఇది ఊరికే వచ్చింది, అన్నీ విన్నది.

కార్యదర్శి తెర మీదికి వంగి చూసి చాలాసేపు నవ్వాడు. "పైసలకు రెండు రకాల రూపాయలుంటయా అంటరు గద వాళ్ళు?"

"ఉండవు. మానికకు ఉన్నాయి సార్."

హైదరాబాదుకు ఫోన్ చేస్తే అక్కడి అధికారి నవ్వలేదు. ఆయన కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "చూడండీ, మొన్న మీరే ఆమె మీద రాశారు. ఇవాళ మీరే కాదంటున్నారు. మీ కాగితం మీద నాకు నమ్మకం పోయింది. నేనే వస్తాను. నా కళ్ళ ముందు కొలవండి. మీ కొత్త లెక్కకు సరిపోతే సరే, తగ్గితే మూసేద్దాం" అన్నాడు. నాకు దాంట్లో తప్పు కనబడలేదు.

ఆ విధంగా ఆ శుక్రవారం ఆ బడి గదిలో కొలత మొదలైంది.

రెండు వందలు దాటేసరికి అధికారికి కుర్చీలో కూర్చోవడం విసుగు పుట్టింది. లేచి గోడ మీద బొమ్మలు చూశాడు. గీతలు లెక్కపెట్టి నా కాగితంతో సరిచూసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "అన్నీ శిఖ పెట్టే ఇచ్చిందని ఏమిటండీ రుజువు? వీళ్ళంతా ఒకే మాట మీద ఉంటారు కదా."

బయట చెట్టు నీడన, అప్పుడే చేను నుంచి వచ్చిన ఒక ముసలామె నీళ్ళు తాగుతోంది. లోపలి గొడవ ఏమిటో ఆమెకు తెలియదు. అధికారి ఆమె దగ్గరికి పోయి అడిగాడు. "అమ్మా, మీరు సంఘంలో జొన్నలు తీసుకున్నారా?"

"తీసుకున్న సారు. నాలుగు మానికలు. తిరిగి పోసిన గూడ."

"ఎలా కొలిచి ఇచ్చారు మీకు?"

"ఎట్ల కొలుస్తరు? మానికతోటే కొలుస్తరు." చెంబు కింద పెట్టి, ఎడమ చేతిని మానికలా గుండ్రంగా పట్టుకుని చూపించింది. కుడి చెయ్యి దాని మీదికి పోయి, గాలిలో ఒక శిఖరం దిద్ది, కొస దగ్గర ఆగింది. ఆమె దాని గురించి ఒక్క మాట అనలేదు. తనకు అది చెప్పాల్సిన విషయమని తోచలేదు.

అధికారి ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి, ఇంకో మానిక తెప్పించుకుని, చొక్కా చేతులు మడిచి నేల మీద కూర్చున్నాడు. ఒక మూల కార్యకర్త లెక్క సాగుతుంటే, ఇంకో మూల ఆయన శిఖలు తీయడం మొదలుపెట్టాడు. మొదటి శిఖ సగంలోనే కూలిపోయింది. ఆడవాళ్ళు లెక్క ఆపి నవ్వారు.

"సారూ, గట్ల కాదు, చెయ్యి జర పైకి పెట్టి పొయ్యి" అని ఒకామె.

"అన్నం తినే చెయ్యేనా అది?" అని వెనక నుంచి ఇంకొకామె.

"లెక్క తప్పుతది, నోర్లు మూసుకోండ్రి!" అని కార్యకర్త గదమాయించింది. "మూడు వందల పద్నాలుగు!"

ఆయన పట్టు వదలలేదు. నాలుగో ప్రయత్నానికి శిఖ నిలబెట్టడం వచ్చింది. పన్నెండో శిఖకు పక్క మానిక నిండగానే తలెత్తి, "ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదండీ" అన్నాడు. ఆ ముఖం చూస్తే నాకు పని సగం అయిపోయిందనిపించింది. మిగతా సగం గుమ్ముల్లో ఉంది. అక్కడ తగ్గితే ఈ శిఖలన్నీ కూలినట్టే.

ఐదు వందలు దాటాక రెండో గుమ్ములో చేతికి అడుగు తగలడం మొదలైంది. కార్యకర్త గుమ్ములోకి దిగి, చీపురుతో ఊడ్చి ఊడ్చి మానికలోకి ఎత్తుతోంది. ఐదు వందల తొంభై. ఆరు వందలు. ఇప్పుడు పెద్దమ్మ కూడా లెక్కపెడుతోంది. ఆరు వందల ఆరు, ఏడు, ఎనిమిది. నేను ఊపిరి వదిలాను. లోపల నుంచి ఇంకో మానిక వచ్చింది. ఆరు వందల తొమ్మిది. ఇంకొకటి. నేను కాగితం కేసి, అధికారి నా కేసి చూస్తున్నాం. ఆరు వందల పదిహేడు దగ్గర చీపురుకు మట్టి తప్ప ఏమీ రాలేదు.

పెద్దమ్మే ముందు మాట్లాడింది.

"సారూ, ఈసారి ఎక్కువొచ్చినయ్ గద. గిప్పుడు గూడ నా మీదనే రాస్తవా?"

గది గదంతా ఒక్కసారి నవ్వింది. అధికారి కూడా నవ్వి, నా చేతిలోంచి రెండో కాగితం తీసుకుని, దాని మీద సరిచూశాను అని రాసి సంతకం పెట్టాడు. నిధి ఆపనక్కరలేదన్నాడు. శిఖ పెట్టి ఇచ్చే పద్ధతి మానమని చెబుతాడేమోనని కార్యకర్త భయపడింది. ఆయన అలా అనలేదు. "అది వాళ్ళ ఇష్టం. పుస్తకంలో మాత్రం రెండు మానికలూ ఉండాలి" అన్నాడు. ఇప్పటికీ అదే నాకు దొరికిన పెద్ద మెప్పు.

తాళంచెవి పెద్దమ్మ చేతికి ఇచ్చింది నేను. ఆ సంఘం ముందు, ఆమెను అడగకుండా ఉత్తరం రాయడం నాదే తప్పని చెప్పాను. ఆమె తాళంచెవి కొంగుకు ముడి వేసుకుంటూ, "సరే తియ్, అందరం బతకాలె గద" అంది. మరునాడు తెల్లారక ముందే వచ్చిన బేరగాడిని, బర్రె పాలతో పెట్టిన చాయ్ తాగించి పంపిందట.

ఆ ఆషాఢంలో ఆ ఊళ్ళో ఐదు వందల మానికలు ఇచ్చారు, అన్నీ శిఖ పెట్టే. మిగతా పది ఊళ్ళనూ రెండు మానికల్లోకి మార్చాను. లింగాల వైపు రెండు ఊళ్ళలో చిన్న తరుగులు ఉంటే అవీ శిఖల్లోనే తేలాయి. గద్వాలలో మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు తమ సంఘం నూలును కూడా అట్లాగే రాసిపెట్టమని అడిగారు. అది కూడా ఆ కంప్యూటర్‌లోకి ఒక కంపెనీగా ఎక్కింది. ఒక సీడీ మీద ఆ సాఫ్ట్‌వేర్‌ను కాపీ చేసి, దగ్గరి సంస్థల్లో అడిగినవాళ్ళందరికీ ఇచ్చాను. కార్యదర్శి ప్రతిసారీ "దొంగతనం కాదు గద?" అని అడిగేవాడు, ఇప్పుడు నవ్వుతూ.

పిల్లలకు చెప్పేది ఇంతే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మీరు ఎక్కించిందే చూపిస్తుంది. ఎక్కించే ముందు కొలిచిన మనిషి దగ్గరికి పోయి ఆమె ఎలా కొలుస్తుందో చూడండి. నేను ఆ పని ఆఖర్న చేశాను.

ఎక్కువ వచ్చిన తొమ్మిది మానికల సంగతి మాత్రం తేలలేదు. మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య చాలా రోజులు తాళంచెవి పెద్దమ్మ దగ్గర లేదు. సంఘంలో చేతులు మారుతూ తిరిగింది. శిఖ గింజలు తిన్నవాళ్ళెవరో తమ శిఖలు తామే తెచ్చి పోసి ఉంటారని కార్యకర్త అనుమానం. ఇంటింటికీ పోయి అడిగాను. ఈసారి అందర్నీ అడిగాను. నేను పొయ్యలే అంటే నేను పొయ్యలే అన్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక జమ రాస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండో వైపు కూడా రాయాలి. రాయకపోతే, తేలనిది అన్న అర్థం వచ్చే పేరుతో అదే ఒక ఖాతా తెరిచి అందులో వేస్తుంది. నేను ఉద్యోగం మానేసి వచ్చేనాటికి ఆ ఖాతాలో తొమ్మిది కొట్టు మానికల జొన్నలు అట్లాగే ఉన్నాయి.